గచ్చిబౌలి గ్యాలరీలో ఖాళీ కుర్చీలు

(సికింద్రాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ఫుట్‌బాల్ అభిమానుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడిన తమ్ముళ్ళిద్దరి మాటలూ శ్రద్ధగా విన్నాను. టికెట్ ధర వల్లే మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ ఆటలకి జనం రాలేదని ఒకరన్నారు. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్‌కి ఊరికే ఇచ్చినా రారని ఇంకొకరన్నారు. మధ్యలో గొంతులు లేచాయి, ఒకరిద్దరు కుర్చీల్లోంచి కూడా లేచారు. అది చూసి నాకు బాధ కలగలేదు. క్లబ్బు ఊరు విడిచి వెళ్ళిపోయాక కూడా దాని గ్యాలరీ గురించి మనం ఇంత గట్టిగా వాదించుకుంటున్నామంటే, ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉందన్నమాట.

నేను బడిలో లెక్కలు చెప్తాను. 2019 నుంచి హైదరాబాద్ ఎఫ్‌సీ హోమ్ మ్యాచులకి వీలైనన్నిసార్లు వెళ్ళాను. కొన్నిసార్లు మా బడి పిల్లలతో, కొన్నిసార్లు మా ఆవిడతో, చాలాసార్లు ఒంటరిగా. ఒంటరిగా వెళ్ళిన రోజులే నాకు ఎక్కువ నేర్పాయి. అందుకే ఈ రోజు టికెట్ ధర దగ్గర కాకుండా నా పక్క కుర్చీ దగ్గర మొదలుపెడతాను.

ఖాళీ గ్యాలరీ ఎలా ఉంటుందో టీవీలో తెలియదు. అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. బంతిని తన్నిన చప్పుడు విడిగా వినిపిస్తుంది. గోల్‌కీపర్ తన డిఫెండర్‌ని పేరు పెట్టి పిలుస్తున్నది వినిపిస్తుంది. మనం "కమాన్" అని అరిస్తే ఆ కేక ఎదుటి స్టాండ్ దాకా వెళ్ళి తిరిగొస్తుంది, మన గొంతు మనకే కొత్తగా ఉంటుంది. రెండోసారి అరవబుద్ధి కాదు. మన జట్టు సొంత మైదానం గచ్చిబౌలి బాలయోగి స్టేడియం, అథ్లెటిక్స్ కోసం కట్టింది. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ గేమ్స్ అక్కడే జరిగాయి. గ్యాలరీకీ మైదానానికీ మధ్య పరుగు ట్రాక్ ఉంటుంది. ఆటగాడు మనకి దూరం, మనం ఆటగాడికి దూరం. దాదాపు 30,000 మంది పట్టే చోట ఐదారు వేల మంది చెల్లాచెదురుగా కూర్చుంటే, ఆ ఐదారు వేల మందిలో ప్రతి ఒక్కరికీ తాము ఒంటరిగా వచ్చినట్టే ఉంటుంది.

లెక్కల పంతుల్ని కాబట్టి ఒక పోలిక చెప్తాను. 2018 జూన్ 1న ముంబయి అంధేరిలో భారత జట్టు చైనీస్ తైపీని 5-0తో ఓడించింది. ఆ ఆట చూసింది 2,569 మంది. మర్నాడు కెప్టెన్ సునీల్ ఛెత్రి ఒక వీడియో పెట్టాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియంకి వచ్చి ఆ పని చేయండి అని చేతులు జోడించాడు. జూన్ 4న కెన్యాతో ఆట, ఛెత్రికి అది నూరో మ్యాచ్. టికెట్లన్నీ అయిపోయాయి. వానలో తడుస్తూ జనం నిలబడి చూశారు. మనవాళ్ళు 3-0తో గెలిచారు. ఆ వీడియో గొప్పదే, కాదనను. కానీ అంధేరి మైదానం చిన్నది, పది వేల లోపే పడతారు. అందుకే అది నిండింది, నిండినట్టు కనిపించింది, ఆ బొమ్మ దేశమంతా తిరిగింది. సరిగ్గా అంతమందే గచ్చిబౌలికి వచ్చి ఉంటే మర్నాడు మనం "మూడింట రెండు వంతులు ఖాళీ" అని చెప్పుకునేవాళ్ళం. మనుషులు వాళ్ళే, ఆట అదే, గోడలు వేరు, అంతే.

ఇక అసలు సంగతికి వస్తాను. మన క్లబ్బుకి జరిగినంత అన్యాయం దేశంలో మరే క్లబ్బుకీ జరగలేదని నా నమ్మకం. ఎవరో కావాలని చేశారని కాదు. కాలం అలా వచ్చింది.

2019లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో పుణె క్లబ్బు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి ఆటలోనే కోల్‌కతాలో అక్కడి జట్టు ఏటీకే చేతిలో 5-0తో ఓడిపోయింది. ఆ నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో గెలిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మార్సెలీన్యో ఫ్రీకిక్ లోపలికి వెళ్ళిన క్షణాన నా పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను కౌగిలించుకున్నాడు. ఆ సీజన్ మొత్తంలో 18 ఆటల్లో రెండే గెలుపులు, పట్టికలో అట్టడుగు. అయినా ఫర్వాలేదు అనుకున్నాం. మొక్క నాటాం, మొదటి ఏడే కాయలు కాయదు కదా.

తర్వాత కరోనా వచ్చింది. 2020-21, 2021-22 రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే జరిగాయి, తలుపులు వేసుకుని, ప్రేక్షకులు లేకుండా. సరిగ్గా ఆ రెండేళ్ళే మన జట్టుకి బంగారు కాలం. మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. మన ఫార్వర్డ్ ఓగ్బెచె ఒక్క సీజన్లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. కేరళ ముందు గోల్ చేసింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో మనం ఛాంపియన్లం. ఫైనల్‌కి మాత్రం జనాన్ని రానిచ్చారు. కేరళ నుంచి వేలమంది వచ్చి గ్యాలరీని పసుపు చేశారు. మనవాళ్ళు గుప్పెడు మంది.

ఒక్కసారి ఆలోచించండి. ఒక జట్టు దేశానికే ఛాంపియన్ అయింది, ఆ సీజన్లో తన ఊరి జనం ముందు ఒక్క ఆట కూడా ఆడకుండా! ఆ జట్టు నాలుగు గోల్స్, ఐదు గోల్స్ కొట్టిన రాత్రులు మనం ఇంట్లో ఫోన్ ముందు కూర్చున్నాం. పిల్లవాడు తండ్రి భుజాల మీదెక్కి గోల్ చూడలేదు. కాలేజీ కుర్రాళ్ళు ఆట అయ్యాక కలిసి టీ తాగుతూ గోల్ గురించి కొట్లాడుకోలేదు. 2019లో నన్ను కౌగిలించుకున్న ఆ మనిషి మళ్ళీ నాకు కనిపించలేదు. మళ్ళీ మళ్ళీ పక్కపక్కన కూర్చుంటేనే పరిచయాలు ముదురుతాయి, గ్యాలరీకి అలవాటు పుడుతుంది. మనకి ఆ అలవాటు పుట్టాల్సిన రెండేళ్ళు గోవాలో గడిచిపోయాయి.

2022 అక్టోబరు 22న, దీపావళికి రెండ్రోజుల ముందు, బెంగళూరుతో ఆటకి గచ్చిబౌలి తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఛాంపియన్లు ఊరికి వచ్చారు. అప్పుడు చాలామంది అనుకున్నది, కప్పు గెలిచాం కాబట్టి జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారని. నేనూ అలాగే అనుకున్నాను. అది పొరపాటు. కప్పు వల్ల పేపర్లో ఫోటో వస్తుంది. పక్క కుర్చీలోకి మనిషి రాడు. నవంబరులో కేరళ జట్టు వచ్చినప్పుడు చూశాం. వాళ్ళ రంగూ పసుపే, మన రంగూ పసుపే. గ్యాలరీలో పసుపు కనిపిస్తోందని సంతోషించేలోపు పాట మొదలైంది, అది మలయాళం పాట. ఈ ఊళ్ళోనే ఐటీ కంపెనీల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే మలయాళీలు ఒకరినొకరు పిలుచుకుని, గుంపులు గుంపులుగా, ఆడామగా కలిసి వచ్చారు. వాళ్ళూ మనలాగే ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చారు, అదే యాప్‌లో టికెట్ కొన్నారు, మర్నాడు వాళ్ళకీ పనులున్నాయి. కానీ వాళ్ళలో ఎవరూ ఒంటరిగా రాలేదు.

మన అభిమానుల బృందం దక్కన్ లెజియన్ పిల్లల్ని ఇక్కడ తలచుకోకపోతే నాది తప్పవుతుంది. డప్పులు మోసుకొచ్చి, గెలిచినా ఓడినా తొంభై నిమిషాలూ గొంతు ఆపకుండా అరిచింది వాళ్ళే. జట్టు ఓడిపోయిన సీజన్లో కూడా వాళ్ళ డప్పు ఆగలేదు. వాళ్ళలాంటి గుంపులు ఇంకో పది ఉండాల్సింది. ఆ పది గుంపులు ఎందుకు పుట్టలేదన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు టికెట్ ధర సంగతి. తమ్ముడు చెప్పిన దాంట్లో సగం నిజం. మామూలు స్టాండ్‌లో టికెట్ మల్టీప్లెక్స్‌లో సినిమా కంటే ఖరీదేమీ కాదు. కానీ మనం కట్టేది టికెట్ ఒక్కటే కాదు. మేం ఒకసారి నలుగురం వెళ్ళాం, నేను, మా ఆవిడ, మా అన్నయ్య పిల్లలిద్దరు. మా ఇల్లు బొల్లారం వైపు. ఆట రాత్రి 7:30కి. ఐదింటికి బయల్దేరాం. క్యాబ్‌కి రానూపోనూ పదహారు వందలు దాటింది. పిల్లలకి తినడానికి ఇంకో ఐదు వందలు. ఇల్లు చేరేసరికి పదకొండున్నర, మర్నాడు పిల్లలకి బడి. ఈ మొత్తంలో టికెట్ల వాటా పావు వంతు కూడా లేదు. కాబట్టి టికెట్ మీద యాభై తగ్గించినా, వంద తగ్గించినా మాలాంటి కుటుంబానికి తేడా తెలియదు. గచ్చిబౌలి పక్కనే హాస్టల్లో ఉండే కుర్రాడికైతే ఆ వందే పెద్దది. ఇద్దరి బాధా నిజమే, మందు మాత్రం ఒకటి కాదు.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు మెట్రో బ్లూ లైన్ గుర్తొస్తుంది. ఆ లైన్లో ఉప్పల్ వైపు ఒక స్టేషన్ పేరే "స్టేడియం". దిగి నడిస్తే క్రికెట్ మైదానం. అదే లైన్ రెండో కొసన రాయదుర్గం. అక్కడితో పట్టాలు ఆగిపోతాయి. గచ్చిబౌలి స్టేడియం ఇంకా నాలుగైదు కిలోమీటర్లు. ఆ నాలుగైదు కిలోమీటర్లకి ఆఫీసులు వదిలే వేళ ఆటో దొరకదు, దొరికినా అడిగినంత ఇవ్వాలి. జర్మనీలో చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్ ఆ రోజు రైలుకీ ట్రామ్‌కీ కూడా చెల్లుతుంది. టికెట్ చూపించి ఎక్కుతారు, టికెట్ చూపించి ఇంటికి వెళ్తారు. మనకి రాయదుర్గం నుంచి స్టేడియం దాకా ఆట ఉన్న రోజు పది బస్సులు తిప్పి, ఆ ఛార్జీ టికెట్‌లోనే కలిపేసి ఉంటే, పేపర్లో వేసిన ప్రకటనలన్నిటికంటే ఎక్కువమంది వచ్చేవాళ్ళు. నేను ఈ మాట ఊహించి చెప్పడం లేదు. మా బడి పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఎప్పుడూ టికెట్ ఎంత అని కాదు. "సార్, రాత్రి ఎలా తిరిగొస్తారు?" అనే అడిగేవాళ్ళు.

రెండో తమ్ముడు ఊరికే ఇచ్చినా రారన్నాడు. దీనికి నేను కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే ఫ్రీ పాసుల వల్ల జరిగే నష్టం చాలామందికి కనిపించదు.

ఏ మ్యాచ్‌కైనా మూడు లెక్కలుంటాయి. అమ్మిన టికెట్లు ఎన్ని, పంచిన పాసులు ఎన్ని, గేటు దాటి లోపలికొచ్చినవాళ్ళు ఎందరు. ఈ మూడూ ఎప్పుడూ ఒకటి కావు. ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బులకే ఈ గొడవ ఉంది. అమ్మిన టికెట్ల లెక్కని హాజరు అని ప్రకటిస్తారు, ఎదురుగా చూస్తే వరసలు ఖాళీగా ఉంటాయి. సీజన్ టికెట్ కొన్నవాడు ఆ రోజు రాలేదు, ఆ సీటు ఇంకొకరికి అందలేదు. అక్కడ ఆ సీటుకి డబ్బైనా వచ్చింది. మన దగ్గర కట్టలు కట్టలుగా పాసులు పంచినప్పుడు ఆ డబ్బూ రాలేదు, మనిషీ రాలేదు.

కొన్నేళ్ళ కిందట ఒక ఊళ్ళో జరిగిన మ్యాచ్‌కి మా బడికి రెండు వందల పాసులు వచ్చాయి. క్లబ్బు పేరు, ఊరి పేరు ఇప్పుడు అనవసరం. ఆట ముందు రోజు సాయంత్రం నాలుగింటికి తెచ్చిచ్చారు. బస్సు మాట్లాడుకోవడానికి వ్యవధి లేదు, ఇళ్ళల్లో అడగడానికి వ్యవధి లేదు. పదకొండు మందిని తీసుకెళ్ళగలిగాను. మిగతావి దాదాపు అన్నీ నా సొరుగులో ఉండిపోయాయి. అక్కడికి వెళ్తే గేటు దగ్గర ఒక తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు, చేతిలో డబ్బు పట్టుకుని నిలబడ్డారు. కౌంటర్‌లో టికెట్లు లేవు, ఆన్‌లైన్‌లో అయిపోయాయి అంటున్నారు. లోపల సగం గ్యాలరీ ఖాళీ. నా దగ్గరున్న పాసులు వాళ్ళకిచ్చి లోపలికి తీసుకెళ్ళాను కానీ, ఆ తండ్రి ముఖం నేను మర్చిపోలేదు. లోపలికి వచ్చి ఆ ఖాళీ వరసలు చూశాక ఆయన ఏమీ మాట్లాడలేదు. కొనడానికి వచ్చిన మనిషిని బయట నిలబెట్టిన ఆ సీటు నా సొరుగులో ఉంది.

ఇంకో నష్టం కూడా ఉంది. నూట యాభై పెట్టి కొన్నవాడికి పక్కవాడు ఊరికే వచ్చాడని తెలిస్తే, వచ్చేసారి తనూ కొనడు, పాసు కోసం ఎదురుచూస్తాడు. పాసు వచ్చినవాడు వానపడితే ఆగిపోతాడు. కొన్నవాడు గొడుగు తీసుకుని బయల్దేరతాడు. తక్కువైనా సరే, ఇరవై రూపాయలైనా సరే, ఒక ధర ఉండాలి. ఆ ఇరవై కట్టిన పిల్లవాడు మర్నాడు బడికొచ్చి "మా జట్టు" అంటాడు. పాసు మీద వచ్చినవాడు "ఆ జట్టు" అంటాడు. తరగతి గదిలో ఈ తేడా నేను చెవులారా విన్నాను.

"హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూసేవాళ్ళే లేరు" అనే మాటకి మాత్రం నాకు కోపం వస్తుంది. మా నాన్న బొల్లారం నుంచి ఫతే మైదాన్‌కి సైకిల్ మీద వెళ్ళేవాడు, ఒక్కడే కాదు, ఏడెనిమిది సైకిళ్ళు. ముందు వెళ్ళినవాడు అందరికీ చోటు పట్టేవాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1956-57, 1957-58లో రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ మనదే. ఆ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ వృత్తికి బడిపంతులు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకెళ్ళింది ఆయనే. ఆ భారత జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ వాడు. మా నాన్న బలరాం పేరు చెప్పినప్పుడు ఆటగాడి పేరు చెప్పినట్టు కాదు, మేనమామ పేరు చెప్పినట్టు చెప్పేవాడు.

కానీ ఈ చరిత్ర చెప్పేసి కూర్చుంటే సరిపోదు. ఈ పేర్లు మనకి గర్వం, ఇరవై ఏళ్ళ కుర్రాడికి అవి పాఠంలో పేర్లు. 2024 సెప్టెంబరులో భారత జట్టే గచ్చిబౌలికి వచ్చింది, కోచ్‌గా మళ్ళీ మన మార్కెజ్. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. జాతీయ జట్టు ఆడుతున్నా గ్యాలరీలో ఖాళీ వరసలు కనిపించాయి. 2025 డిసెంబరులో మెస్సీ ఉప్పల్‌కి వచ్చినప్పుడు మాత్రం వేల రూపాయలు పెట్టి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళని నేను తప్పుపట్టను, మా అన్నయ్య కొడుకూ వెళ్ళాడు. ఈ ఊళ్ళో డబ్బుంది, ఫుట్‌బాల్ మీద ప్రేమ ఉంది అని అది రుజువు చేసింది. ఒక్క రాత్రి వేడుకకి వచ్చే ప్రేమని పదిహేను రోజులకోసారి గ్యాలరీకి వచ్చే ప్రేమగా మార్చే పని ఎవరూ ఓపిగ్గా చేయలేదనీ రుజువు చేసింది.

ఛాంపియన్లు అయ్యాక మన క్లబ్బుకి జరిగింది మీకు తెలుసు. 2023-24లో జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధం, ఒకరి తర్వాత ఒకరు విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోవడం. 22 ఆటల్లో ఒకే ఒక్క గెలుపు. మిగిలిన కుర్రాళ్ళు తలవంచకుండా ఆడారు, నాకు ఆ జట్టు మీద ఛాంపియన్ జట్టు మీద ఉన్నంత గౌరవం ఉంది. 2024-25లో యజమానులు మారారు, 13 జట్లలో 12వ స్థానం. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి వెళ్ళిపోయింది, పేరు కూడా మారిపోయింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

"మనం వెళ్ళలేదు కాబట్టే అది పోయింది" అని ఇందాక ఒక పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సార్, మీరు ఆ భారం మోయకండి. ఐఎస్‌ఎల్‌లో ఏ క్లబ్బూ గేటు డబ్బుతో నడవదు. గచ్చిబౌలి ప్రతి ఆటకీ నిండినా ఆ డబ్బుతో ఒక సీజన్ ఖర్చు వెళ్ళదు. మనం వెళ్ళకపోవడం వల్ల జరిగిన నష్టం వేరు. క్లబ్బు వెళ్ళిపోతున్న రోజున అడ్డం నిలబడి "ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అని అడగడానికి సరిపడా మనుషులం లేకపోయాం.

2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్‌లో ఏం జరిగిందో చాలామందికి తెలుసు. కొత్త స్టాండ్‌లో కొన్ని టికెట్ల ధర 77 పౌండ్లు చేస్తామని యాజమాన్యం చెప్పింది. సండర్‌లాండ్‌తో ఆటలో 77వ నిమిషంలో దాదాపు పది వేల మంది లేచి బయటికి నడిచారు. వాళ్ళు వెళ్ళేటప్పటికి లివర్‌పూల్ 2-0తో ముందుంది, ఆట 2-2గా ముగిసింది. నాలుగు రోజుల్లో యజమానులు ఆ ధర వెనక్కి తీసుకున్నారు. మన దేశంలోనే, 2024-25 సీజన్లో కేరళ బ్లాస్టర్స్ అభిమానుల సంఘం మంజప్పడ, యాజమాన్యం తీరు నచ్చక టికెట్లు తీసుకుని అమ్మడం ఆపేస్తామంది. కొచ్చి గ్యాలరీ పలచబడితే దేశమంతా గమనించింది. ఎందుకు గమనించింది? అది రోజూ నిండే గ్యాలరీ కాబట్టి. మన గ్యాలరీ అలిగినా, అలగకపోయినా చూడటానికి ఒకేలా ఉంది.

సరే, ఇప్పుడు ఏం చేయాలి? ఈ ఊరికి రేపో మాపో మళ్ళీ ఒక క్లబ్బు వస్తుంది. ఎవరు తెస్తారో, ఏ లీగులో ఆడుతుందో నాకు తెలియదు. వచ్చినవాళ్ళ ముందు మనం పెట్టాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, స్టేడియం అంతా తెరవొద్దు. నాలుగు వేల మంది వస్తారనుకుంటే నాలుగు వేల మంది పట్టే ఒక్క స్టాండ్ తెరవండి. అందరం భుజాలు తగిలేలా కూర్చుంటాం. అది నిండి, టికెట్ దొరకలేదని పదిమంది గొడవపెట్టిన రోజున రెండో స్టాండ్ తెరవండి. ఎదుటి స్టాండ్ ఖాళీగా టీవీలో కనిపిస్తుందని భయపడతారు. కనిపించనివ్వండి. అక్కడ పెద్ద గుడ్డ కప్పండి, మన బస్తీల పేర్లు రాయండి. చెల్లాచెదురుగా కూర్చున్న జనం కంటే ఆ గుడ్డే నయం.

ఇంకొకటి, దీన్ని నేను అన్నిటికంటే గట్టిగా అడుగుతాను. టికెట్ ఒక్కో ఫోన్ నంబరుకి అమ్మడంతో సరిపెట్టుకోవద్దు. వరసకి వరస అమ్మండి. పన్నెండు కుర్చీల వరస ఒక బస్తీ జట్టుకి, ఒక అపార్ట్‌మెంట్‌కి, ఒక బడికి, ఒక ఆటో స్టాండ్‌కి, సీజన్ మొత్తానికి ఇవ్వండి. డబ్బు మూడు వాయిదాల్లో కడతాం. ఒకడు రాలేకపోతే వాడి బావమరిది వస్తాడు, ఆ ఏర్పాటు వరసలోనే జరుగుతుంది. తిరుమలగిరిలో, బార్కాస్‌లో, మల్కాజిగిరిలో ఆదివారం పొద్దున మైదానాల్లో ఆడుతున్న పిల్లల జట్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ పిల్లల్లో ఎంతమంది గచ్చిబౌలి లోపల అడుగుపెట్టారు? ఫుట్‌బాల్ మీద రోజుకి రెండు గంటలు చెమటోడ్చేవాడికి టికెట్ అమ్మలేకపోయినవాళ్ళు, ఫుట్‌బాల్ తెలియనివాడికి యాప్‌లో ప్రకటన పంపితే వస్తాడా?

ఆట వేళల గురించి టీవీవాళ్ళతో మాట్లాడటం కష్టమని నాకు తెలుసు. అయినా అడగాలి. శని, ఆదివారాల్లో సాయంత్రం ఐదింటికి పెట్టిన ఆటకి ఆడవాళ్ళూ పిల్లలూ వస్తారు, తొమ్మిదిలోపు ఇంట్లో ఉంటారు. బుధవారం రాత్రి ఆట పెట్టి కుటుంబాలు రావడం లేదని బాధపడితే ఎలా?

పొద్దున బయల్దేరే ముందు మా నాన్న పెట్టె తీశాను. ఫతే మైదాన్ టికెట్ ముక్క ఒకటి దొరుకుతుందేమో, మీకు చూపిద్దామని. దొరకలేదు. ఆయన సైకిల్ గుంపు ఫోటో దొరికింది. ఎనిమిది మంది, చేతులు ఒకరి భుజాల మీద ఒకరు వేసుకుని. ఆ ఎనిమిది మందిలో ఫుట్‌బాల్ పిచ్చి నిజంగా ఉన్నది ముగ్గురికేనట. మిగతా ఐదుగురూ ఆ ముగ్గురి కోసం వెళ్ళేవాళ్ళట. మా అమ్మ చెప్పింది.

బయట తలుపు దగ్గర బల్ల మీద ఒక నోట్‌బుక్ పెట్టాను. పక్కన పెన్ను కట్టి ఉంది. పేరు, ఏ ప్రాంతం నుంచి వస్తారు, ఏ రోజు వీలు, ఎలా తిరిగి వెళ్తారు అని నాలుగు గడులు గీశాను. ఐదో గడి కొంచెం వెడల్పుగా ఉంచాను, మీతో పాటు ఎవరెవరు వస్తారో వాళ్ళ పేర్ల కోసం. ఫోన్ నంబర్లు అక్కర్లేదు. వెళ్ళేటప్పుడు నింపి వెళ్ళండి. మొదటి వరసలో పన్నెండు పేర్లు ఇప్పటికే రాసేశాను, మా బడి నుంచి.

(చప్పట్లు)